ఆ ‘అట’ ఎవరన్నారు? రియాలిటీ షోల పాడ్‌కాస్ట్ చేస్తున్న పాఠకురాలికి జవాబు

ప్రశ్న: నేనూ నా ఫ్రెండూ కలిసి రియాలిటీ షోల మీద, వాటిలో కలిసిన జంటల మీద ఒక పాడ్‌కాస్ట్ చేస్తున్నాం. ఇప్పటికి తొమ్మిది ఎపిసోడ్లు పెట్టాం. మొదటి ఆరూ పెద్దగా ఎవరూ వినలేదు. ఏడో దాంట్లో మాత్రం ఒక జంట ఇన్‌స్టాగ్రామ్‌లో ఒకరినొకరు అన్‌ఫాలో చేసుకున్నారని, ఇక విడిపోయినట్టేనని చాలాసేపు మాట్లాడాం. మిగతావాటి కన్నా నాలుగింతల మంది విన్నారు. అప్పటినుంచి మా ఫ్రెండ్ ప్రతి వారం అలాంటిదే చేద్దామంటోంది. తీరా నెల తిరక్కుండానే ఆ జంట తాము కలిసే ఉన్నామని చెప్పారు. మేం దాని గురించి ఏమీ మాట్లాడలేదు, ఆ ఎపిసోడ్ ఇంకా అలాగే ఉంది. నాకు మనసులో పీకుతూనే ఉంది. పైగా ఒక్కో ఎపిసోడ్ రెండు గంటలు వస్తోంది, ఎడిటింగ్‌కే నా శని ఆదివారాలు పోతున్నాయి. మేం చేసేది ఉత్త గాసిప్పేనా? మానేయాలా? మానకపోతే సరిగ్గా ఎలా చేయాలి? ఇంకో చిన్న సందేహం, ఆ జంటల ఫొటోలు కవర్ మీద పెట్టుకోవచ్చా?

జవాబు: మానేయకండి. ముందు ఈ మాట చెప్పేస్తే మిగతాది నిదానంగా మాట్లాడుకోవచ్చు. రియాలిటీ షోల గురించి మాట్లాడుకోవడం చిన్నతనమని నేనెప్పుడూ అనుకోలేదు. ఒక జంట తెర మీద పోట్లాడుకుంటుంటే, తప్పు అతనిదని ఒకరూ ఆమెదని ఇంకొకరూ వాదించుకుంటారు చూడండి, ఆ వాదనలో జనం తమ ఇళ్లలో నోరు తెరిచి అడగలేని ప్రశ్నలు అడుగుతారు. అలా అరవడం మామూలేనా, అన్నీ చెప్పుకోవాలా, ఎన్నిసార్లు క్షమించాలి లాంటివి. వాటి గురించి శ్రద్ధగా మాట్లాడే ఒక గొంతు ఉంటే మంచిదే. మీకు మనసులో పీకుతోందంటే మీరు ఆ పని చేయగలిగిన మనిషేనని నాకనిపిస్తోంది.

ఇప్పుడు మీ ఏడో ఎపిసోడ్ తీసి మళ్లీ వినండి. ఈసారి ‘అట’ వినపడిన ప్రతిచోటా ఆపండి. విడిపోయారట. ఆమె వేరే ఇంటికి మారిపోయిందట. షోకి రాకముందు నుంచే అతనికి ఇంకొకరితో ఉందట. మన భాషలో ఈ చిన్న ముక్క చాలా పెద్ద పని చేసిపెడుతుంది. మాట మనదే, బాధ్యత మాత్రం ఇంకెవరిదో, ఆ ఇంకెవరో ఎవరో చెప్పక్కర్లేదు. ఇద్దరు స్నేహితులు ఫోన్లో మాట్లాడుకుంటే అది అక్కడితో పోతుంది. మైకులో అన్నది పోదు, ఆ జంటకు తెలిసినవాళ్లు వింటారు, వాళ్ల అమ్మానాన్నలు వింటారు, ఏదో ఒక రోజు వాళ్లే వింటారు. చట్టపరంగా కూడా ‘అట’ మిమ్మల్ని కాపాడుతుందని అనుకోకండి. చాలా దేశాల్లో పరువునష్టం కేసుల్లో ‘నేను పుట్టించలేదు, విన్నదే చెప్పాను’ అన్న వాదన మామూలుగా నిలబడదు, పుకారును తిరిగి చెప్పినవాళ్లు కూడా దానికి జవాబు చెప్పుకోవాల్సిందే.

నాకు ఇది నా తప్పు వల్లే తెలిసింది. కొన్నేళ్ల క్రితం నేను ప్రొడ్యూస్ చేసిన ఒక పాడ్‌కాస్ట్‌లో హోస్ట్ ఒక కంటెస్టెంట్ గురించి మాట్లాడుతూ, షో అయిపోగానే ఆ అమ్మాయితో మాటలే మానేశాడట అన్నారు. ఎడిట్ చేస్తున్నప్పుడు అక్కడ నా చెయ్యి ఆగింది కూడా. కానీ ఆ వాక్యానికి ముందూ వెనకా నవ్వులు బాగా కుదిరాయి, తీసేస్తే సంభాషణ తెగినట్టు ఉంటుందని ఉంచేశాను. రెండు రోజుల తర్వాత అతని చెల్లెలి నుంచి మెయిల్ వచ్చింది. తిట్లేమీ లేవు. నాన్న ఐసీయూలో ఉన్నారని, అన్నయ్య మూడు వారాలుగా ఫోన్ ముట్టుకోలేదని, ఆ అమ్మాయి రోజూ వచ్చి తమతోనే కూర్చుంటోందని, మీకు తెలియక అన్నారని మాకు తెలుసని రాసింది. ఆ చివరి మాట చదివాక చాలాసేపు కుర్చీలోంచి లేవలేకపోయాను. అప్పటినుంచి ఎడిట్‌లో ‘అట’ వినపడితే ఆపుతాను. ఎవరన్నారు, ఎక్కడన్నారు అన్నదానికి జవాబుంటే ఆ పేరుతో సహా మళ్లీ రికార్డ్ చేయిస్తాను. లేకపోతే కత్తిరిస్తాను, దాని పక్కనున్న నవ్వు పోయినా సరే.

అసలు అన్‌ఫాలో, ఫొటో డిలీట్, ‘ఈ మధ్య కలిసి కనపడటం లేదు’ లాంటివి ఈ షోల జంటల విషయంలో ఎంత బలహీనమైన ఆధారాలో, షోలు తయారయ్యే పద్ధతి తెలిస్తే అర్థమవుతుంది. అమెరికాలో 2002లో మొదలైన, ఒక అబ్బాయి చాలామంది అమ్మాయిల్లోంచి ఒకరిని ఎంచుకునే ‘ది బ్యాచిలర్’లో చివరి ఎపిసోడ్ ప్రసారమయ్యేదాకా గెలిచిన జంట బయట కలిసి కనపడకూడదు, దాక్కునే కలుసుకోవాలి. ‘లవ్ ఈజ్ బ్లైండ్’ మొదటి సీజన్ 2018 చివర్లో షూట్ చేశారు, నెట్‌ఫ్లిక్స్‌లో వచ్చింది 2020 ఫిబ్రవరిలో. ఆ సీజన్‌లో పెళ్లి చేసుకున్న లారెన్ స్పీడ్, కామెరాన్ హ్యామిల్టన్ ఏడాదికి పైగా తమ పెళ్లి సంగతి బయటపెట్టకుండా బతకాల్సి వచ్చింది. ఆ ఏడాదిలో ఎవరైనా వాళ్ల ఇన్‌స్టాగ్రామ్ చూసి ఒక పాడ్‌కాస్ట్ చేసుంటే ఏమని తేల్చేవాళ్లో ఆలోచించండి. బ్రిటన్‌లో ‘లవ్ ఐలాండ్’ 2023లో ఇంకో నిబంధన పెట్టింది, షో జరిగే విల్లాలో ఉన్నన్నాళ్లూ కంటెస్టెంట్ల సోషల్ మీడియా అకౌంట్లు కదలకుండా ఆపేయాలి, ఇంట్లోవాళ్లు కూడా వాళ్ల తరఫున పోస్టులు పెట్టకూడదు. వాళ్ల క్షేమం కోసం తెచ్చిన నిబంధన అది. బయటినుంచి చూసేవాళ్లకి మాత్రం అకౌంట్ చచ్చుబడినట్టే కనపడుతుంది. కాబట్టి ఎవరైనా మౌనంగా ఉన్నారంటే అది విడిపోవడం కావచ్చు, అగ్రిమెంట్ కావచ్చు, ఆసుపత్రి కావచ్చు.

మరి ఇవన్నీ తీసేస్తే మాట్లాడటానికి ఏం మిగులుతుందని మీ ఫ్రెండ్ అడుగుతుంది. అడగాలి కూడా. చాలా మిగులుతుంది, నాకు తెలిసి అసలు సరుకంతా అక్కడే ఉంది, ఎడిట్‌లో. 1973లో అమెరికా పబ్లిక్ టీవీలో ‘యాన్ అమెరికన్ ఫ్యామిలీ’ అని ఒక సిరీస్ వచ్చింది. రియాలిటీ టీవీకి మూలం దాంట్లో ఉందని చాలామంది అంటారు. లౌడ్ అనే కుటుంబాన్ని నెలల తరబడి చిత్రీకరించారు, భార్య పాట్ తన భర్త బిల్‌ని ఇల్లు వదిలి వెళ్లమనడం కూడా కెమెరాలో పడింది. సుమారు 300 గంటల ఫుటేజీ తీసి, పన్నెండు గంటలు చూపించారు. తర్వాత ఆ కుటుంబం, మా సంతోషాలన్నీ తీసేసి గొడవలే ఉంచారని బాధపడింది. యాభై ఏళ్లు దాటినా ప్రతి షో గురించీ అడగాల్సిన ప్రశ్న అదే. మనకు చూపించని గంటల్లో వీళ్లిద్దరూ ఎలా ఉన్నారు?

దీన్ని మీ శ్రోతలకు చూపించండి. ఉదాహరణకు ఒక డిన్నర్ సీన్ తీసుకోండి. ఆమె ఏదో అంటుంది, వెంటనే అతని ముఖం మాడిపోతుంది. వెనక్కి వెళ్లి, సౌండ్ ఆపేసి చూడండి. ఆమె మాట్లాడుతున్నప్పుడు టేబుల్ మీద గ్లాసు సగం ఉంది, అతని ముఖం చూపించినప్పుడు అదే గ్లాసు నిండుగా ఉంది. అంటే అతను ముఖం మాడ్చుకున్నది ఆ మాటకు కాదు, అరగంట ముందు ఇంకేదో మాటకు కావచ్చు, వంటగదిలో చప్పుడుకు కూడా కావచ్చు. ఇప్పుడు కళ్లు మూసుకుని సౌండ్ మాత్రమే వినండి. ‘నాకు అతనంటే ఇష్టమే కానీ’ అనేదాకా ఒక ఊపిరి, ఒక గది ప్రతిధ్వని ఉంటాయి, ‘నమ్మకం లేదు’ అన్నచోట అవి రెండూ మారిపోతాయి, సరిగ్గా అక్కడే కెమెరా ఆమె పెదవుల మీద కాకుండా తల వెనక భాగం మీదో, కిటికీ మీదో ఉంటుంది. రెండు వేర్వేరు వాక్యాలను కుట్టి ఒకటి చేశారన్నమాట. ఆ రంగంలో దీన్ని ఫ్రాంకెన్‌బైట్ అంటారు. ఒంటరిగా కూర్చుని ఇచ్చే ఇంటర్వ్యూల్లో వారాల తేడాతో తీసిన ముక్కలు ఒకే రోజువి అనిపించడానికి అవే బట్టలు మళ్లీ వేసుకోమంటారు. జుట్టు పొడవు, గోళ్ల రంగు గమనిస్తే కొన్నిసార్లు దొరికిపోతుంది. ఒకసారి ఇది చూడటం వచ్చిన శ్రోత ప్రతి వారం మీ దగ్గరికి వస్తారు, ఎందుకంటే వాళ్లు కూడా ఏదో ఒకటి పట్టుకుని ఉంటారు, మీతో చెప్పాలని ఉంటుంది. మీరు కూడా ఎడిటరే కదా, ఈ విషయం మీ అంత బాగా చెప్పగలిగేవాళ్లు తక్కువ.

జంటల గురించి అసలు మాట్లాడొద్దని నేను అనడం లేదు. 2023 మార్చిలో ‘వాండర్‌పంప్ రూల్స్’ అనే అమెరికా రియాలిటీ షోలో టామ్ శాండోవల్, అరియానా మాడిక్స్ తొమ్మిదేళ్ల బంధం తెగినప్పుడు షూటింగ్ అయిపోయి సీజన్ ప్రసారమవుతోంది. కబురు తెలియగానే కెమెరాలు మళ్లీ తెప్పించి మరిన్ని సీన్లు తీశారు. అక్కడ మాట్లాడటానికి బోలెడంత ఉంది. వాళ్లే కెమెరా ముందు చెప్పారు, వాళ్లే ప్రకటనలు ఇచ్చారు, ఒక నిర్మాణ సంస్థ అప్పటికప్పుడు తీసుకున్న నిర్ణయం కళ్ల ముందుంది. నేను స్క్రిప్టులో మూడు రంగులు వాడతాను. తెర మీద చూసింది ఒక రంగు, వాళ్లు తమ నోటితో చెప్పింది ఒక రంగు, మనకు అనిపించింది ఒక రంగు. అనిపించిన దాన్ని దాచక్కర్లేదు, ‘నాకైతే అతను నిజం చెప్పినట్టు అనిపించలేదు, ఎందుకంటే’ అని ధైర్యంగా అనండి, అది మీ హక్కు. ఏ రంగులోనూ పడని వాక్యం ఉంటే అది మైకు దాకా రాకూడదు. ఎవరి గర్భం, ఎవరి జబ్బు, ఎవరి మానసిక స్థితి, ఎవరి పిల్లలు, వీటిమీద మాత్రం మనకేమనిపించినా వద్దు. వాళ్లే చెప్పుకుంటే తప్ప ఆ తలుపు మనది కాదు.

ఇంత గట్టిగా ఎందుకు చెబుతున్నానంటే, వినేవాళ్లు ఊరికే విని ఊరుకోరు. జపాన్‌లో ‘టెర్రస్ హౌస్’ అనే షోలో హానా కిమురా అనే ఇరవై రెండేళ్ల రెజ్లర్ ఉండేది. ఉతకడంలో పాడైన ఒక దుస్తు గురించి గొడవ, ఒక్క సీన్. దాని తర్వాత ఆమె మీద సోషల్ మీడియాలో తిట్ల వాన కురిసింది, 2020 మేలో ఆమె ప్రాణం తీసుకుంది. షో ఆగిపోయింది, 2022లో ఆ దేశం అవమానకరమైన మాటలకు ఏడాది దాకా జైలు పడేలా చట్టాన్ని కఠినం చేసింది. తిట్టిన వాళ్లలో ఎవరూ తమ ఒక్క కామెంట్‌కి అంత శక్తి ఉందని అనుకుని ఉండరు. మీ ఎపిసోడ్ విని కొందరు ఆ జంట అకౌంట్ల కిందకి వెళ్తారు, వెళ్లి ఏం రాస్తారన్నది కొంత మీ గొంతు మీద ఆధారపడి ఉంటుంది. అందుకే, ఎవరికీ మెసేజీలు పెట్టొద్దని ప్రతి ఎపిసోడ్‌లో ఒక్క వాక్యం చెప్పండి, మనస్ఫూర్తిగా చెప్పండి.

ఏడో ఎపిసోడ్ సంగతికొద్దాం. విడిపోయారన్న భాగం కత్తిరించి, మిగిలింది అదే చోట మళ్లీ అప్‌లోడ్ చేయండి. పాడ్‌కాస్ట్ ఫైళ్లు పెట్టుకునే హోస్టింగ్ సర్వీసుల్లో చాలావాటిలో ఆడియో ఫైల్ ఒక్కటే మార్చవచ్చు, లింక్ మారదు. అయితే ఇప్పటికే డౌన్‌లోడ్ చేసుకున్నవాళ్ల ఫోన్లలో పాతదే ఉంటుంది కాబట్టి, వచ్చే ఎపిసోడ్ మొదట్లోనే, మ్యూజిక్ కన్నా ముందు, సవరణ చెప్పండి. అరనిమిషం చాలు. ఫలానా ఎపిసోడ్‌లో ఆ ఇద్దరూ విడిపోయారని అన్నాం, మా దగ్గర ఆధారం లేదు, అది తప్పు, ఆ భాగం తీసేశాం. అంతే. ఎవరినైనా బాధపెట్టి ఉంటే అని గుండ్రంగా తిప్పకండి, బాధపెట్టారు, క్షమించమని అడగండి.

మీ ఫ్రెండ్‌తో గొడవ పెట్టుకోవద్దు. ఆమెకు నంబర్ల మీద ఆశ ఉండటం తప్పేం కాదు, ఆరు ఎపిసోడ్లు ఎవరూ వినకపోతే ఎవరికైనా నీరసం వస్తుంది. ఇద్దరూ పక్కపక్కన కూర్చుని ఆ ఏడో ఎపిసోడ్ గ్రాఫ్ తెరవండి, ఏ నిమిషం దగ్గర ఎంతమంది ఉన్నారో, ఎక్కడ వదిలేశారో స్పాటిఫై, యాపిల్ రెండూ చూపిస్తాయి. టైటిల్ చూసి వచ్చినవాళ్లు ఆ ముక్క అయిపోగానే వెళ్లిపోయారా, తర్వాతి ఎపిసోడ్‌కి వచ్చారా? ఆ జవాబు ఎలా ఉన్నా మీ ఇద్దరికీ మాట్లాడుకోవడానికి ఒక ఆధారం దొరుకుతుంది. ఒకవేళ నిజంగానే పుకార్లకే జనం వస్తున్నారని తేలితే, అప్పుడు కూడా నా సలహా మారదు, ఎక్కువమంది వింటున్నారంటే తప్పు చెప్పినప్పుడు నష్టం కూడా అంత పెద్దది అవుతుంది. ఇద్దరిలో ఎవరు వద్దన్నా ఆ ముక్క పడకూడదని ఇప్పుడే, చేతిలో వేడి విషయం ఏదీ లేనప్పుడే, మాట అనుకోండి.

రెండు గంటల సమస్య ఎడిటింగ్‌లో పుట్టింది కాదు, రికార్డింగ్‌కి ముందు పుట్టింది. ఎపిసోడ్ అంతా మొదటినుంచి చివరిదాకా తిరిగి చెబుతున్నారని నా అనుమానం. చూసినవాళ్లకు అది అక్కర్లేదు. షో చూస్తున్నప్పుడే ఇద్దరూ విడివిడిగా నోట్స్ రాసుకోండి, ఏ నిమిషం దగ్గర ఏముందో వేసుకోండి, తర్వాత పది నిమిషాలు కూర్చుని మూడే మూడు సీన్లు ఎంచుకోండి. వాటి మీద నలభై నిమిషాలు మాట్లాడండి. నలభై నిమిషాలకు యాభై ఐదు రికార్డ్ అయితే ఎడిట్ ఒక సాయంత్రంలో అయిపోతుంది. అప్పుడు షో వచ్చిన మర్నాడే పెట్టగలుగుతారు. ఇలాంటి పాడ్‌కాస్ట్‌కి అది చాలా ముఖ్యం, వారం ఆగితే ఆ వేడి పోతుంది.

రికార్డింగ్‌లో ఒకే మైకు మధ్యలో పెట్టుకుంటున్నట్లయితే ముందు అది మానండి. ఇద్దరికీ వేరు వేరు మైకులు, వేరు వేరు ట్రాకులు ఉండాలి. అప్పుడే ఒకరు మాట్లాడుతుంటే ఇంకొకరు దగ్గినా తీసేయవచ్చు. మామూలు గదిలో కండెన్సర్ కన్నా డైనమిక్ మైకు మేలు, గది చప్పుడు తక్కువ పట్టుకుంటుంది. నోటికి బెత్తెడు దూరంలో, కొంచెం పక్కకు తిప్పి పెట్టుకుంటే ప, బ అన్నప్పుడు గాలి కొట్టదు. ఫ్యాన్ ఆపేయండి, మందపాటి పరదాలు, దుప్పట్లు ఉన్న గది ఎంచుకోండి. మొదట్లో పది సెకన్లు ఎవరూ మాట్లాడకుండా గది నిశ్శబ్దాన్ని రికార్డ్ చేసుకోండి. ఏదైనా కత్తిరించిన చోట ఆ నిశ్శబ్దం వేస్తే అతుకు వినపడదు. దూరదూరంగా ఉండి చేస్తుంటే ఎవరి గొంతు వాళ్లు తమ దగ్గరే డబ్ల్యూఏవీ ఫైల్‌గా రికార్డ్ చేసుకుని, మొదట ఇద్దరూ కలిసి ఒక చప్పట కొట్టండి, రెండు ట్రాకులూ దాంతో కలిపేయవచ్చు. చివర్లో స్టీరియో అయితే లౌడ్‌నెస్ -16 ఎల్‌యూఎఫ్‌ఎస్ (చెవికి ఎంత గట్టిగా వినపడుతుందో చెప్పే కొలత) దగ్గరికి తీసుకురండి, వినేవాళ్లు వాల్యూమ్ పెంచుతూ తగ్గిస్తూ ఉండక్కర్లేదు. ఇదంతా ఉచితంగా దొరికే ఆడాసిటీలోనే చేయవచ్చు. షోలోని ఆడియో ముక్కలు మాత్రం వేయకండి. విమర్శ కోసం చిన్న ముక్క వాడుకోవడానికి చాలా దేశాల చట్టాల్లో వీలుంది కానీ దాని హద్దులు దేశానికో రకం. గ్లాసు, ప్రతిధ్వని, పెదవులు ఇవన్నీ మీ మాటల్లో చెబితేనే శ్రోత వెళ్లి మళ్లీ చూస్తారు.

మాజీ కంటెస్టెంట్లు ఎవరైనా గెస్టుగా రావడానికి ఒప్పుకుంటే, ఒప్పందం ప్రకారం దేని గురించి మాట్లాడకూడదో రికార్డింగ్‌కి ముందే అడిగి తెలుసుకోండి, దాని చుట్టూ తిప్పి తిప్పి లాగొద్దు. నోరు జారితే ఇబ్బంది పడేది వాళ్లు. పెట్టేముందు వాళ్లకు ఒకసారి వినిపిస్తానని నేనైతే మాట ఇస్తాను, చాలామంది ఇవ్వొద్దంటారు, నాకు ఇంతవరకు దానివల్ల నష్టం జరగలేదు.

ఫొటోలు వద్దు. ఇన్‌స్టాగ్రామ్‌లో అందరికీ కనపడుతున్నంత మాత్రాన అవి ఎవరైనా వాడుకోవచ్చని కాదు. సాధారణంగా ఫొటోకి హక్కుదారు తీసినవాళ్లు. పైగా కవర్ మీద వాళ్ల ముఖం ఉంటే పాడ్‌కాస్ట్‌తో వాళ్లకేదో సంబంధం ఉన్నట్టు అనిపిస్తుంది. 3000 పిక్సెళ్ల చదరంలో ఒక బొమ్మ గీయించుకోండి, పేరు పెద్ద అక్షరాల్లో రాయించండి, ఫోన్లో గోరంత సైజులో చూసినా చదవగలిగేలా. నాకైతే ఆ సగం నిండిన గ్లాసు బొమ్మ బాగుంటుందనిపిస్తోంది.